ఏ వర్మ్ కొనాలన్నది తర్వాత, ముందు అది నీళ్లలో ఎలా దిగుతోందో చూడు

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది భీమవరం దగ్గర పల్లె. చిన్నప్పుడు కాలవ గట్టున కూర్చుని వానపాము గుచ్చి గాలం వేసినవాణ్ణే. ఇప్పుడు టెక్సాస్‌లో, లూయిస్‌విల్‌లో ఉంటున్నాం. మా 11 ఏళ్ల బాబు బాస్ చేపలు పట్టాలని సరదా పడుతుంటే రాడ్డూ రీలూ కలిపి అమ్మే సెట్ ఒకటి కొన్నాను, 6.5 అడుగుల మీడియం స్పిన్నింగ్. లైన్ దాంతో వచ్చినదే, 10 పౌండ్ల బరువు తట్టుకునే మోనో, అంటే ఒకే పోగు నైలాన్ దారం. ప్లాస్టిక్ వర్మ్‌లు, అంటే వానపాము ఆకారపు మెత్తటి ఎరలు, షాపులో ఒక గోడంతా ఉన్నాయి, ఏది ఎందుకో తెలియక రకరకాల ప్యాకెట్లు, 5/0 హుక్కులు, లైన్‌కి ఎక్కించే తూటా ఆకారపు 3/8 ఔన్స్ బుల్లెట్ వెయిట్లు తెచ్చాను. వేసిన ప్రతిసారీ నాచులో ఇరుక్కుంటోంది. టకటకా కొడుతున్నట్టు చేతికి తెలుస్తుంది, లాగితే ఏమీ ఉండదు, వర్మ్ తోక తెగి వస్తుంది. ఒకసారి మాత్రం పెద్దదే పట్టింది, గట్టిగా ఎత్తాను, రెండు సెకన్లలో వదిలేసి పోయింది. ఏ రకం కొనాలి, ఎలా గుచ్చాలి, రంగుల సంగతేంటి, లైసెన్స్ కావాలా, కాస్త వివరంగా చెప్పగలవా?

జవాబు: తమ్ముడూ, ఇంత వివరంగా రాశావు కాబట్టి నాకు పని తేలికైంది. నీ కష్టాలు మూడు, మూడింటికీ కారణాలు వేరు. ఇంకో ప్యాకెట్ కొంటే తీరేది వాటిలో ఒక్కటీ లేదు.

ముందు ఆ తెగిన తోకల సంగతి. అది బాస్ కాదు. బ్లూగిల్ అని అరచేతంత చేప, అక్కడ ప్రతి చెరువులోనూ ఒడ్డు పక్కనే గుంపులుగా ఉంటుంది, నోరు చిన్నది, వర్మ్ మొత్తం మింగలేక తోక పట్టుకుని పీకుతుంది. టకటకటకమని వరసగా తగిలితే అదే. బాస్ అలా కొరుక్కు తినదు. నోరు ఒక్కసారిగా తెరిచి నీళ్లతో సహా ఎరని లోపలికి పీల్చేస్తుంది. చేతికి 'టప్' మని ఒక్క దెబ్బ తగులుతుంది, చాలాసార్లు అదీ తగలదు, లైన్ పక్కకి నడవడం మాత్రం కనిపిస్తుంది. టకటకలకి లాగడం మానెయ్, సగం టెన్షన్ అక్కడే పోతుంది.

జారిపోయిన పెద్దదానికి కారణం నీ హుక్. సున్నా ముందు అంకె పెరిగేకొద్దీ హుక్ పెద్దది, 5/0 హుక్ తీగ మందం. దాన్ని ప్లాస్టిక్‌లోంచి, ఆపైన చేప దవడలోంచి దూర్చాలంటే గట్టి రాడ్డు, సాగని లైన్ కావాలి. నీ చేతిలో ఉన్నది మీడియం రాడ్డు, మోనో లైన్ బాగా సాగుతుంది. నువ్వు ఎంత గట్టిగా ఎత్తినా ఆ బలంలో చాలా భాగం రాడ్డు వంగడానికీ లైన్ సాగడానికే సరిపోయింది, మొన దవడ దాకా పోలేదు. చేప ఎరని కరిచి పట్టుకుని ఉన్నంతసేపూ పడినట్టే అనిపిస్తుంది, నోరు తెరవగానే పోతుంది. నీ రాడ్డుకి 3/0 ఈడబ్ల్యూజీ హుక్ తీసుకో, అందులోనూ తీగ సన్నగా ఉన్న రకం. ఈడబ్ల్యూజీ అంటే వంపు వెడల్పుగా ఉండి, కన్ను, అంటే లైన్ కట్టే రంధ్రం దగ్గర మెడ మెలిక తిరిగి ఉండే హుక్, ప్యాకెట్ మీద EWG అని ఆ మూడక్షరాలే ఉంటాయి. లావుపాటి ఎరలకి 4/0. వర్మ్ ఎంత మందమో హుక్ వంపు లోపల దానికి రెండింతలైనా ఖాళీ ఉండాలి, ఎందుకంటే చేప కరిచినప్పుడు ప్లాస్టిక్ నలిగి కిందికి జరగాలి, అప్పుడే మొన బయటపడుతుంది.

ఇక మూడోది, నాచు. ఇందులో గుచ్చే పద్ధతి సగం, బరువు సగం. అసలు చెప్పాలనుకున్నది ఈ బరువు గురించే.

షాపులో ఆ గోడ చూడగానే అందరం ఆకారం, రంగు చూస్తాం. ఆ ఎర నీళ్లలో ఎంత వేగంగా, ఏ తీరున దిగుతుందన్నది ఎవరూ చూడరు, ప్యాకెట్ మీద రాయరు కూడా. చేప చూసేది మాత్రం అదే. మన కొరమీను గుర్రపుడెక్క కింద ఎలా మాటు వేస్తుందో నీకు తెలుసు, బాస్ కూడా నాచు అంచునో, మునిగిన చెట్టు పక్కనో, డాక్, అంటే పడవలు కట్టే చెక్క వంతెన నీడలోనో కదలకుండా నిలబడి, తన ముందుకి దిగే ప్రాణిని అందుకుంటుంది. సాఫ్ట్ ప్లాస్టిక్‌తో పడే బాస్‌లలో చాలావరకు ఎర కిందికి దిగుతుండగానే పట్టుకుంటాయి, నువ్వు రీల్ తిప్పేటప్పుడు కాదు. 3/8 ఔన్స్ బరువు కట్టి నాలుగడుగుల నీళ్లలో వేస్తే అది రాయి పడ్డట్టు పడి తిన్నగా నాచు మొదట్లోకి దిగబడుతుంది. చేపకి చూసే వ్యవధి లేదు, నీకు బయటికి తీసే దారి లేదు.

అందుకని ఒడ్డు మీంచి, ఐదారడుగుల లోపు నీళ్లకి 1/8 ఔన్స్ కట్టు. గాలి ఉన్నా, ఇంకొంచెం లోతైనా 3/16. పది అడుగులుంటే 1/4. నీ దగ్గరున్న 3/8లు పారెయ్యకు, అవి లోతు నీళ్లకీ, దట్టమైన నాచులో రంధ్రం చేసుకుని కిందికి దిగడానికీ పనికొస్తాయి, అయితే ఆ పనికి ఈ రాడ్డు చాలదు. లెక్క ఒక్కటే, కిందికి చేరిందని చేతికి తెలిసేంత బరువు ఉంటే చాలు, అంతకు మించి ఒక్క గ్రాము వద్దు.

ఇప్పుడు రకాలు. తెచ్చిన వాటిలోంచి మూడు తీసి మిగతావి పక్కన పెట్టు. మొదటిది 5 అంగుళాల స్టిక్ వర్మ్, చూడ్డానికి ఏ అందమూ లేని నున్నటి కడ్డీ, గ్యారీ యమమోటో కంపెనీ సెంకో దీనికి పేరు తెచ్చింది, తర్వాత అందరూ చేశారు. దాని గొప్పతనం ప్లాస్టిక్‌లో కలిపిన ఉప్పు. ఉప్పు వల్ల బరువెక్కి, వేరే వెయిట్ కట్టకపోయినా దూరం వెళ్తుంది, నీళ్లలో అడ్డంగా ఉండి రెండు చివర్లూ సన్నగా వణుకుతూ మెల్లగా దిగుతుంది. నువ్వు ఏమీ చెయ్యకూడదు, అదే దాని గుణం. ఉప్పు ఎక్కువున్నవి తొందరగా చిరుగుతాయి, రెండు మూడు చేపలకి ఒకటి పోతుంది, దానికి బాధపడొద్దు. రెండోది 6 లేదా 7 అంగుళాల వర్మ్, తోక రిబ్బన్‌లా చుట్టుకున్నది. ఇది లాగినప్పుడూ దిగినప్పుడూ తోక ఆడిస్తుంది, నీళ్లు వెచ్చగా ఉన్నప్పుడు బాగా పనిచేస్తుంది. మూడోది కాళ్లూ రెక్కలూ ఉన్న క్రియేచర్ ఎర, 4 అంగుళాలది, లేదా క్రా, అంటే రొయ్యలాంటి క్రాఫిష్ ఆకారం. ఆ రెక్కలు నీళ్లని అడ్డుకుంటాయి కాబట్టి అదే బరువు కట్టినా ఇది వర్మ్ కంటే నెమ్మదిగా దిగుతుంది. చూశావా, ఎర మార్చినా మనం మారుస్తున్నది ఆ దిగే వేగాన్నే.

గుచ్చడం గురించి కాస్త ఓపిగ్గా చదువు, బాబుని కూడా పక్కన కూర్చోబెట్టుకో. దీన్ని టెక్సాస్ రిగ్ అంటారు, రిగ్ అంటే హుక్, బరువు, ఎర కలిపి కట్టే పద్ధతి. 1949లో ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్‌లో నిక్ క్రీమ్ అనే ఆయన మెత్తటి ప్లాస్టిక్ వర్మ్ తయారుచేశాడు, తర్వాత కంపెనీని మీకు గంటన్నర, రెండు గంటల దూరంలో ఉన్న టైలర్‌కి తెచ్చాడు. ఆ చుట్టుపక్కల చెరువుల నిండా మునిగిన చెట్ల మోడులే, మొన బయటికి ఉంటే ప్రతి కొమ్మకీ తగులుతుంది, అందుకని మొనని వర్మ్ లోపలే దాచే ఈ పద్ధతి అక్కడ బాగా పాతుకుపోయింది.

ముందు లైన్‌కి బుల్లెట్ వెయిట్ ఎక్కించు, సన్నటి ముక్కు రాడ్డు వైపు ఉండాలి. తర్వాత హుక్ కట్టు, పాలొమర్ ముడి చాలు, బిగించే ముందు తడి చెయ్, లేకపోతే బిగించేటప్పుడు పుట్టే రాపిడి వేడికే లైన్ బలం పోతుంది. ఇప్పుడు వర్మ్ తలని వేళ్ల మధ్య పట్టుకుని ముక్కుకి సరిగ్గా మధ్యలో మొన దింపు, పావు అంగుళం లోపలికి పోయాక పక్కకి తిప్పి పొట్ట వైపు నుంచి బయటికి తియ్. హుక్ మొత్తాన్ని ఆ కన్నం గుండా లాగు, మెడ మెలిక దాకా వచ్చాక, కన్ను ముక్కులో దాక్కునేలా పైకి జరిపి, హుక్‌ని సగం చుట్టు తిప్పు. ఇప్పుడు మొన వర్మ్ వైపు చూస్తుంది. ఇక్కడే చాలామంది తొందరపడి తోచిన చోట గుచ్చేస్తారు. అలా కాదు, వర్మ్‌ని కిందికి వేలాడనిచ్చి, హుక్‌ని దాని పక్కన ఆనించి, వంపు అడుగు ఎక్కడికి వస్తోందో గోటితో చిన్న గుర్తు పెట్టు. సరిగ్గా ఆ గుర్తు దగ్గర వర్మ్‌ని కొంచెం పైకి మడిచి, మొనని అడ్డంగా, తిన్నగా అవతలి వైపుకి తేల్చు. వదిలాక వర్మ్ కన్ను నుంచి తోక దాకా ఒకే గీతలో ఉండాలి. ఏ కొంచెం గూని కనిపించినా విప్పి మళ్లీ గుచ్చు. గూని ఉన్న వర్మ్ నీళ్లలో గిరగిరా తిరుగుతుంది, లైన్ మెలికలు పడుతుంది, బాస్ దాని జోలికి రాదు.

చివరగా, బయటికి వచ్చిన మొనని వర్మ్ వీపు మీద ఆనించి, పై పొరలోకి మాత్రం ఒక్క మిల్లీమీటర్ గుచ్చు. మందంగా ఉన్న మధ్య భాగంలో పాతిపెడితే మళ్లీ నీ పాత కథే, చేప పట్టినా మొన బయటికి రాదు. పై పొర అయితే నీ మీడియం రాడ్డుకి కూడా ఇట్టే చీలుతుంది, నాచు మాత్రం దాన్ని చీల్చలేదు. మనవాళ్లు కొరమీనుకి వాడే రబ్బరు కప్పలో రెండు కొక్కేలు వీపుకి ఆనుకుని ఉంటాయి, కరిస్తే గానీ బయటపడవు, ఇదీ అలాంటి ఏర్పాటే. నాచు చాలా ఎక్కువగా ఉన్న చోట బుల్లెట్‌కి పైన చిన్న రబ్బరు స్టాపర్ ఎక్కించి వర్మ్ తలకి ఆనుకునేలా పెట్టు, బరువు ఒక దారినా వర్మ్ ఒక దారినా పోకుండా ఉంటాయి. పలచటి నాచులో అది అక్కర్లేదు, బరువు వదులుగా జారుతుంటేనే వర్మ్ విడిగా, సహజంగా దిగుతుంది.

వేశాక ఏం చెయ్యాలో చెప్తాను. ఎర నీళ్లని తాకగానే రీల్ బెయిల్, అంటే లైన్ వదలకుండా ఆపే తీగ, మూసి, రాడ్డు కొస ఎత్తి, లైన్ మరీ బిగువుగా కాకుండా మరీ వదులుగా కాకుండా దానితో పాటే కిందికి దించు. కళ్లు లైన్ నీళ్లని తాకే చోటే ఉండాలి. లైన్ ఒక్కసారి ఎగిరినా, పక్కకి జరిగినా, అడుగు చేరాల్సిన దానికంటే ముందే ఆగిపోయినా చేప అనే అనుకో. ఏమీ జరక్కుండా అడుగు చేరితే కాసేపు అలాగే ఉంచు, తర్వాత రాడ్డుతో ఒక అడుగు మెల్లగా లేపి మళ్లీ దిగనివ్వు. ఎరని నడిపేది రాడ్డుతోనే, రీల్ ఉన్నది వదులైన లైన్ చుట్టుకోవడానికి. వానపాము వేసినప్పుడు బెండు పూర్తిగా మునిగేదాకా ఆగడం మనకి చిన్నప్పటి అలవాటు, దాన్ని మాత్రం ఇక్కడ మర్చిపోవాలి, ఇది తిండి కాదని తెలియగానే బాస్ ఉమ్మేస్తుంది. దెబ్బ తెలియగానే రాడ్డు కొస కిందికి దించి, వదులు లైన్ చుట్టేసి, చేప బరువు చేతికి తగిలిన క్షణంలో రాడ్డుని పక్కకీ పైకీ ఒకే ఊపులో లాగు. వదులు లైన్ మీద ఎంత ఊపినా ఆ బలం గాల్లో పోతుంది.

బాబుకి మాత్రం టెక్సాస్ రిగ్‌తో మొదలుపెట్టించకు, వ్యాకీ రిగ్ ఇవ్వు. అదే 5 అంగుళాల స్టిక్ వర్మ్‌కి నడుము దగ్గర చిన్న రబ్బరు రింగ్ ఎక్కించి, ఆ రింగ్ కింద 1/0 హుక్ దూర్చాలి, బరువు కట్టక్కర్లేదు. విసిరి వదిలెయ్యడమే, రెండు చివర్లూ ఊపుతూ దిగుతుంది. హుక్ బయటే ఉంటుంది, తీగ సన్నం, కాబట్టి గట్టిగా లాగక్కర్లేదు, రాడ్డు ఎత్తిపట్టి రీల్ తిప్పితే చాలు. రింగ్ లేకుండా నేరుగా వర్మ్‌కి గుచ్చితే ఒకటి రెండు విసుర్లకే ఊడిపోతుంది. దీంతో ఒక్క ఇబ్బంది, ఆలస్యంగా లాగితే చేప లోపలికంటా మింగేస్తుంది. అలా గొంతులో ఉంటే పీకొద్దు, లైన్‌ని హుక్ దగ్గరికి కత్తిరించి వదిలెయ్. నాచు లేని చోటే ఈ రిగ్ వెయ్యాలి, లేదా మొనకి అడ్డంగా సన్నటి తీగ ఉన్న వీడ్‌గార్డ్ హుక్ కొను.

నెడ్ రిగ్ కూడా చలికాలానికి ఒకటి పెట్టుకో. పుట్టగొడుగు తల ఆకారంలో 1/10 ఔన్స్ హుక్, దానికి రెండున్నర మూడంగుళాల పొట్టి వర్మ్. జీ-మ్యాన్ కంపెనీ వాళ్లవి అయితే ఆ ప్లాస్టిక్ నీళ్లలో తేలే రకం, కాబట్టి అడుగున తోక పైకి లేచి నిలబడుతుంది, చేప బద్ధకంగా ఉన్నప్పుడు కూడా పనిచేస్తుంది. కాకపోతే ఈ రకాన్ని మిగతా ప్లాస్టిక్‌లతో ఒకే డబ్బాలో వేస్తే రెండూ కరిగి ముద్దవుతాయి. ఏ ప్యాకెట్‌వి ఆ ప్యాకెట్‌లోనే ఉంచు. ఇంకోటి, టెక్సాస్ ఎండలో కారు డిక్కీలో వదలకు, వేడికి మెత్తబడి వంకర్లు పోతాయి. అలా పోయినవాటిని వేడి నీళ్లలో కొద్దిసేపు వేసి, తీసి చల్లబడేదాకా తిన్నగా పరిచి ఉంచితే మళ్లీ దారికొస్తాయి. కెరొలైనా రిగ్, డ్రాప్ షాట్ అంటూ ఇంకా చాలా వినిపిస్తాయి, అవి ఎక్కువగా లోతు నీళ్ల పనులు, పడవ ఎక్కినప్పుడు చూద్దాం.

రంగుల గురించి అందరూ గంటలు గంటలు మాట్లాడతారు, నాకు ఆ ఓపిక లేదు. నీళ్లు తేటగా ఉంటే గ్రీన్ పంప్‌కిన్ లేదా వాటర్‌మెలన్ రెడ్, బురదగా ఉంటే నలుపు నీలం కలిసినది లేదా జూన్‌బగ్ అనే ముదురు ఊదా. రెండు రంగులు చాలు.

లైన్ మీద పెట్టే డబ్బు మాత్రం వృథా కాదు. ఆ మోనో కొంత రీల్ మీదే ఉంచి, దాని మీద 15 పౌండ్ల బ్రెయిడ్, అంటే అల్లిన దారం చుట్టు, కింద మోనో లేకపోతే బ్రెయిడ్ స్పూల్ మీద జారుతుంది. ముందు భాగంలో రాడ్డు పొడవు అంత 12 పౌండ్ల ఫ్లోరోకార్బన్ దారం ముక్క కట్టు, దాన్ని లీడర్ అంటారు, రెండింటినీ కలపడానికి డబుల్ యూని ముడి. బ్రెయిడ్ సాగదు కాబట్టి చిన్న దెబ్బ కూడా చేతికి తెలుస్తుంది, హుక్ కూడా దిగుతుంది. మీ లూయిస్‌విల్ చెరువులో రాళ్ల మీద జీబ్రా మసెల్స్ ఉంటాయి, చిన్న ఆల్చిప్పలు, అంచులు బ్లేడంత పదును. రాళ్ల దగ్గర వేసినప్పుడల్లా చివరి రెండు మూడడుగుల లైన్ వేళ్ల మధ్య జార్చి చూడు, గరుకు తగిలితే అక్కడికి కత్తిరించి మళ్లీ ముడి వెయ్. మంచి చేప వచ్చాక ఆ గరుకు చోట తెగితే చాలా బాధగా ఉంటుంది. చెప్పులు లేకుండా బాబుని ఆ నీళ్లలో దిగనివ్వకు.

ఎప్పుడు వెళ్లాలంటే, మార్చి, ఏప్రిల్ నెలల్లో బాస్ గుడ్లు పెట్టడానికి ఒడ్డు దగ్గరికి, తక్కువ లోతుకి వస్తుంది, ఒడ్డు మీంచి వేసేవాళ్లకి అదే పండగ. వేసవిలో పొద్దు పొడిచే వేళకే అక్కడుండాలి, తొమ్మిది దాటితే డాక్‌ల నీడలూ వంతెనల నీడలూ వెతుక్కో. మధ్య నీళ్లలోకి బలంగా విసరాలని అందరికీ ఉంటుంది, నిజానికి ఒడ్డుకి సమాంతరంగా, జమ్ము అంచు వెంబడి వెయ్యాలి, చేప నీ కాళ్లకి పదడుగుల దూరంలోనే ఉండొచ్చు. అపార్ట్‌మెంట్, కాలనీ చెరువుల్లోనూ మంచి బాస్‌లు ఉంటాయి గానీ అవి ప్రైవేటువి, అడిగి వెళ్లు.

పట్టాక చేతులు తడిచేసి ముట్టుకో. పెద్దదాన్ని కింది దవడ పట్టుకుని అడ్డంగా వేలాడదియ్యకు, దవడ దెబ్బతింటుంది, రెండో చెయ్యి పొట్ట కింద పెట్టు. చిరిగిన వర్మ్‌లు జేబులో వేసుకుని ఇంటికి తేవాలి, నీళ్లలో పడేస్తే చేపలూ తాబేళ్లూ మింగుతాయి, అరగవు. సీసం బరువులు ముట్టుకున్న చేతులతో బాబుని ఏమీ తిననివ్వకు. వాడికి కళ్లజోడు తప్పనిసరి, నాచులో ఇరుక్కున్న బుల్లెట్‌ని లాగినప్పుడు అది తిన్నగా మొహం మీదకే వస్తుంది.

లైసెన్స్ నీకు కావాలి, బాబుకి 17 ఏళ్లు వచ్చేదాకా అక్కర్లేదు. టెక్సాస్‌లో వరసగా ఆరు నెలలు ఉన్నవాళ్లకి రెసిడెంట్ ధర. మామూలు లైసెన్స్ ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో అయిపోతుంది, జులైలో కొనే ముందు ఆలోచించుకో. స్టేట్ పార్క్ లోపల ఒడ్డు మీంచి వేస్తే లైసెన్స్ అడగరు, ప్రవేశ రుసుము కడితే చాలు, కాబట్టి మొదటిసారి మీకు దగ్గర్లోని రే రాబర్ట్స్ చెరువు స్టేట్ పార్క్‌కి వెళ్లిరండి. తినడానికి ఉంచుకోవాలంటే మామూలుగా 14 అంగుళాలు ఉండాలి, మనిషికి రోజుకి 5, నోరు మూసి తోక రెండు కొసలూ దగ్గరికి నొక్కి కొలవాలి. కొన్ని చెరువులకి వేరే నియమాలున్నాయి, లేక్ ఫోర్క్‌లో 16 నుంచి 24 అంగుళాల మధ్య ఉన్న బాస్‌ని తప్పకుండా వదిలెయ్యాలి. ఏ చెరువుకి వెళ్తే ఆ చెరువు పేరు టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ వాళ్ల సైట్‌లో ముందురోజు రాత్రే చూసుకో.